బయమ్మ తెరవని పండ్లు

నమోదు 31. తునికి కాలం

ఇవాళ కూడా చలువ పొడి పడింది. పొద్దున లేచి చూస్తే గుడిసె కప్పు మీద, టేకు ఆకుల మీద, చివరికి మేక వీపు మీద కూడా ముగ్గుపిండి చల్లినట్టు తెల్లగా ఉంది. మైదానంలో ఊళ్లు ఎండకు మాడిపోకూడదని విమానాలు ఎక్కడో పైన ఈ పొడిని చల్లుతాయి. అక్కడ సూర్యుడికి అడ్డం నిలబడి, బలం అయిపోయాక అది మా నల్లమల మీద దిగుతుంది. దాన్ని ఊడ్చి, సంచికెత్తి, వాగుకు దూరంగా పూడ్చడంతో నా రోజు మొదలవుతుంది.

ఆ తర్వాత పరీక్ష పెట్టె ముందు కూర్చోవాలి. ఆకాశం ఎలా ఉంది, పొడి ఎంత పడింది, ఏ పండు పరీక్షించాను, ఏ దీపం వెలిగింది అన్నది దానికి చెబితే మైదానంలోని కేంద్రానికి చేరుతుంది. అక్కడ మా పెంటను, అంటే ఈ అడవి గూడేన్ని, చూసుకునేది సుభద్ర మేడం. "ఇంకేమైనా చెప్పుకోవాలనిపించినా చెప్పు ఈదమ్మా, వింటాను" అంది. అందుకని మిగతావి కూడా చెబుతున్నాను.

పెట్టె నోట్లో పండు ముక్క పెడితే కాసేపు గుర్రుమంటుంది. తినదగినదైతే పచ్చ దీపం, పొడి విషం దిగి ఉంటే ఎర్ర దీపం, తేల్చుకోలేకపోతే పసుపు. దీన్ని వాడటం నేర్చుకోవడానికి నేను మైదానంలో ఒక వానాకాలమంతా ఉండి వచ్చాను.

పెట్టె రాకముందు ఆ పని మా అత్త బయమ్మది. ఇప్పటికీ ఆమెదే. మా రేకులవాగు పెంటలో ఏ పండైనా బయమ్మ చెట్టు తెరిస్తేనే మిగతావాళ్లు ముడతారు. పండు మాగిందనిపించిన రోజు ఆమె ఒక్కతే అడవిలోకి వెళ్తుంది. రాలిన పండ్లను తాకదు, కొమ్మ మీది పండే కోసుకుని తింటుంది. ఆ రోజు ఇంకేమీ నోట్లో వేసుకోదు. మర్నాడు అందరూ బుట్టలతో వస్తే "తినుండ్రి" అంటుంది, లేదా ఇంకా ఆగమన్నట్టు "ఇంక కానీ" అంటుంది. అంతే.

పెట్టెను మొదటిసారి చూసినప్పుడు దాని చుట్టూ తిరిగి అడిగింది. "ఇది తింటదా?"

"తినదత్తా. లోపల చూసి చెప్తది."

"తినకుండ ఎట్ల తెలుస్తది పిల్లా?" అని నవ్వింది. నేనూ నవ్వాను. అప్పటికి మా ఇద్దరి మధ్య పోటీ ఏమీ లేదు.

నమోదు 33. తునికి కాలం

తిండి తెచ్చే గాలిబండి ఇంకా రాలేదు. దారిలో పొడి తుఫాను ఉందని, ఆగమని మేడం చెబుతోంది. పోయినసారి దింపిన పిండిముద్దలు ఎవరింట్లోనూ మిగల్లేదు. అంకన్న, అంటే నా పెనిమిటి, బయమ్మ కొడుకు, రోజంతా తిరిగి రెండు గడ్డలు తవ్వుకొచ్చాడు. పెంట మొత్తానికీ అవే.

అందరి చూపూ తునికి చెట్ల మీదే ఉంది. దక్షిణం వాలు మీది పండ్లు పరీక్షించాను. ఎర్ర దీపం. వాగు ఒడ్డు చెట్లవి పెడితే పసుపు వెలిగింది. మళ్లీ పెట్టాను, మళ్లీ పసుపే. ఆ సంగతి బయమ్మకు చెప్పాను.

"దచ్చిణం దిక్కువి నేను సుత ముట్ట. అవి పోయిన ఏడే చెడ్డయి. వాగు కాడియి నేను చూస్త" అంది.

నిన్న వెళ్లి తిని వచ్చింది. ఇవాళ పొద్దున మా గుడిసె ముందు అందరూ బుట్టలు పట్టుకుని నిలబడ్డారు. పక్క గుడిసె పోతమ్మ తన కూతురు నిమ్మలను చంకనెత్తుకుని అందరికన్నా ముందుంది. ఆ పిల్లకు ఆరేళ్లుంటాయి. ఎత్తుకునే వయసు కాదు, నడిచే ఓపిక లేక ఎత్తుకుంది.

బయమ్మ బయటికొచ్చి వాళ్లను చాలాసేపు చూసింది. తర్వాత "తినుండ్రి" అంది.

పసుపు దీపం సంగతి నేను గట్టిగా చెప్పలేదు. ఆమె తిని, నిద్రపోయి, లేచి నా కళ్ల ముందే నిలబడి ఉంది. నేను కూడా బుట్ట తీసుకునే వెళ్లాను.

నమోదు 34. తునికి కాలం

నిమ్మల కాళ్లు తిమ్మిరెక్కి పడిపోయింది. పెదాలు నీలంగా మారాయి. పెద్దవాళ్లలో కొందరికి వాంతులయ్యాయి, కొందరికి ఏమీ కాలేదు. బయమ్మకూ నాకూ ఏమీ కాలేదు. మేడం చెప్పినట్టు బొగ్గుపొడి నీళ్లలో కలిపి తాగిస్తూ కూర్చున్నాం. పెద్ద ఒళ్లు తట్టుకునేంత విషమే పసిదాన్ని పడగొట్టిందని మేడం అంది.

పోతమ్మ ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. "నువ్వు తినుమన్నవ్ కదత్తా" అని ఒక్కమాట అంది. పెంటలో ఆమె వయసు ఆడవాళ్లంతా బయమ్మను అత్త అనే పిలుస్తారు.

బయమ్మ బొగ్గు నీళ్ల గిన్నె మళ్లీ నిమ్మల నోటి దగ్గర పెట్టింది.

నమోదు 36. తునికి కాలం చివర

నిమ్మల బతికింది. నడుస్తోంది. కానీ వేళ్లకు పట్టు రాలేదు. చెంబు పట్టుకుంటే జారిపోతోంది.

కేంద్రం నుంచి మాట వచ్చింది, ఇక మీద మనుషులు రుచి చూసి తేల్చడం మానేయాలని. నాకూ అదే సరైనదనిపించింది. బయమ్మ గాలిబండి దింపిన బియ్యంలో రాళ్లు ఏరుతుంటే పక్కన కూర్చుని చెప్పాను.

"ఇంక చెట్లు తెరిచే పని వద్దత్తా. పెట్టె చూసుకుంటది."

"మరి నేనేం చెయ్యాలె?"

"ఇంట్ల కూసో. ఇన్నేళ్లు చేసినవ్, చాలదా?"

ఆమె వాదిస్తుందనుకున్నాను. జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆమె చేటను ఒకసారి కుదిపి, తల ఊపి, మళ్లీ రాళ్లు ఏరుకుంది. నాకు పెద్ద బరువు దిగింది. అంకన్నకు చెబితే "మంచి పని చేసినవ్" అన్నాడు.

నమోదు 47. నేరేడు కాలం

మొర్రి పండ్లకు పసుపు. పాలపండ్లకు ఎరుపు. ఇప్పుడు నేరేడుకూ ఎరుపు. పసుపు వెలిగినా ముట్టకూడదని పెంటలో అందరం అనుకున్నాం. చెట్ల కింద నేల ఊదా రంగుకు తిరిగింది, ఈగలు ముసురుతున్నాయి, ఎవరూ అటు పోవడం లేదు. గాలిబండి సరిగ్గా వస్తోంది. ఒక్కరికీ జబ్బు చేయలేదు. మేడం నన్ను మెచ్చుకుంది.

బయమ్మ గుడిసె ముందు కూర్చుంటుంది. కోళ్లను తోలుతుంది. అడవి వైపు వీపు పెట్టి కూర్చోవడం గమనించాను, ఎండ మొహాన పడకుండా ఉండటానికేమో అనుకున్నాను. మొదట్లో ఆడవాళ్లు వచ్చి పలకరించేవాళ్లు. అడగడానికి ఏమీ లేకపోయేసరికి రావడం తగ్గించారు. మనిషి బాగానే ఉంది. తిండి తింటోంది.

నమోదు 58. వానలు

పోయిన నెల నుంచి పిల్లల చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. దెబ్బ తగిలితే మానడం లేదు. పిండిముద్దల్లో ఉండాల్సినవన్నీ ఉన్నాయని సంచి మీద రాసి ఉంది. ఎండకు పడి ఉండటంతో వాటి సారం పోయి ఉంటుందని మేడం అంటోంది. కొత్త సరుకు వచ్చేదాకా ఏవైనా తాజా పండ్లు పెట్టగలరా అని అడిగింది. పచ్చ దీపం వెలిగిన పండు ఈ ఏడాది ఒక్కటీ లేదని చెప్పాను.

ఇవాళ ఇంకో సంగతి జరిగింది. అదే అసలు చెప్పాల్సింది.

మధ్యాహ్నం నేను గంజిలో ఉప్పు వేసి బయటికి వెళ్లాను. నేను వేయలేదనుకుని అంకన్న మళ్లీ వేశాడు. ముగ్గురం తినడానికి కూర్చున్నాం. అంకన్న ఒక గుక్క తాగి ఉమ్మేశాడు. నేను నాలుక మీద పెట్టి గిన్నె దించేశాను. బయమ్మ మాత్రం నెమ్మదిగా తాగుతూనే ఉంది. గిన్నె ఖాళీ చేసి, వేలితో అడుగు కూడా తుడుచుకుని నాకింది.

"అత్తా, గంజి ఎట్లుంది?"

"మంచిగుంది."

అంకన్న నా వైపు చూశాడు. నేను ఇంకో గిన్నెలో పొయ్యి బూడిద చిటికెడు నీళ్లలో కలిపి ఇచ్చి, మజ్జిగ అన్నాను. చేసిన పని మంచిది కాదని తెలుసు. ఆమె గిన్నె అందుకుని, నోటి దాకా తీసుకెళ్లి, ఆగి, కింద పెట్టింది.

"మజ్జిగ తెలుపు లేదు" అంది. "నన్ను చూస్తున్నవా పిల్లా?"

"నీకు రుచి తెలుస్తలేదా?"

"నోరు పోయిందే. ముక్కు సుత."

"ఎప్పటి సంది?"

"మాఘంల జరమొచ్చి పొడి దగ్గు దగ్గిన చూడు, అప్పటి సంది."

మాఘం అంటే తునికి పండడానికి ముందు. ఆ లెక్క నాకంటే ముందే అంకన్నకు తట్టింది. అతను లేచి వానలోకి వెళ్లిపోయాడు. నేను అడగాల్సింది అడగకముందే ఆమె చెప్పింది.

"పండు మెత్తగుండె. రంగు మంచిగుండె. ఎలుగు తిన్న గుర్తు సుత ఉండె. నోట్లె పెట్టుకుంటె మాత్రం మట్టి లెక్క ఉండె. పొద్దున లేచి ఏం తెల్వదని చెప్దామనే బయటికొచ్చిన. అందరు బుట్టలు పట్టుకొని నిలవడ్డరు. పిల్లల కడుపులు వీపుకు అంటుకున్నయ్. మా అత్త చెప్పింది, ఆమె అత్త చెప్పింది. నా కాడికొచ్చే వరకు నాకు తెల్వదని ఎట్ల అనాలె?"

నాకు మొదట కోపమే వచ్చింది. నిమ్మల వేళ్లు గుర్తొచ్చాయి. ఆ కోపంలోనే అన్నాను, "తర్వాతనన్న నాకు చెప్పద్దా?"

"నువ్వు ఇంట్ల కూసోమన్నవ్. నాకు పానం నిమ్మళమైంది. ఇంక ఎవ్వలకు ఏం చెప్పే పని లేదనుకున్న."

అప్పుడు నా కోపం ఎటు పోయిందో పోయింది. ఆ రోజు నేను ఇంట్లో కూర్చోమనే బదులు, ఎందుకు పొరపాటు జరిగిందని ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేది. ఆమె దగ్గర పోయింది నాలుక, ముక్కే. ఏ చెట్టు ఎలా ఉండాలో, పండు మింగాక గొంతులో ఏం జరగాలో, అదంతా తలలో ఉంది. నాకు నాలుక ఉంది. వేసవి పండ్లన్నీ మేమిద్దరం ఒకే గుడిసెలో కూర్చుని ఉండగానే పండి రాలిపోయాయి.

నమోదు 59. వానలు

బయమ్మ పొద్దున్నే పోతమ్మ గుడిసెకు వెళ్లింది. తోడు రావద్దంది. దూరం నుంచి చూశాను. ఏదో చెప్పింది. పోతమ్మ విని, లోపలికి వెళ్లి తడిక వేసుకుంది. బయమ్మ కాసేపు తడిక ముందు నిలబడి తిరిగి వచ్చింది.

"ఏమన్నది?" అని అడిగాను.

"ఏమంటది" అంది. కాళ్లు కడుక్కుంటూ, "ఉసిరి కాయ ఎంత లావైంది?" అని అడిగింది.

నమోదు 64. ఉసిరి కాలం

ఇప్పుడు రోజూ ఇద్దరం వెళ్తున్నాం. ఆమె నా భుజం పట్టుకుని నడుస్తుంది. కొండ ఎక్కుతుంటే ఊపిరి బరువుగా తీస్తోంది, అక్కడక్కడా రాళ్ల మీద కూలబడుతోంది. నేను వెనక్కి పోదామంటే వినడం లేదు.

పరీక్ష పెట్టెకు ఉసిరి కొరుకుడు పడలేదు. అన్ని చెట్లకూ పసుపే. పసరు పులుపు ఎక్కువైతే దానికి అంతు చిక్కదని మేడం ముందే చెప్పింది. మనిషి రుచి చూడటం గురించి ఆమెను మళ్లీ అడిగాను. "వద్దని రాసింది మేమే. పిల్లల సంగతి చూస్తే నేనేం చెప్పగలను ఈదమ్మా, జాగ్రత్త" అంది.

బయమ్మ నాతో ఒక కాయ కొరికించింది.

"ఎట్లుంది?"

"వగరు."

"వగరు ఎక్కడ? నాలుక కొసనా, పక్కలకా, ఎనుకనా?"

నేను ఎప్పుడూ అలా చూసుకోలేదు. కళ్లు మూసుకుని వెతికాను. "పక్కలకు."

"ఇగ నీళ్లు తాగు."

తాగాను. నీళ్లు తియ్యగా అనిపించాయి. ఆ మాట చెబితే ఆమె మొహం వెలిగింది. "అది రావాలె. ఆ తీపి మళ్లి వస్తే చెట్టు మంచిది. రాకుంటె ఎంత ముద్దొచ్చినా ముట్టద్దు."

గాలికి ఎదురుగా ఉన్న చెట్ల కాయలు తిని నీళ్లు తాగితే ఏ తీపీ రాలేదు. చప్పటి నీళ్లు. నోరు కడిగి ఉమ్మేశాను. కొండ చాటున, బండల మధ్య ఉన్న చెట్లకు తీపి వచ్చింది. ఆ చెట్ల కాయలు ఒక్కటొక్కటే తిని రోజంతా ఉండి చూశాను. మర్నాడు బయమ్మ నన్నే బయటికి పంపింది.

"నువ్వు చెప్పు. నీ నోరే కద చూసింది."

నేను "తినుండ్రి" అన్నాను. అందరూ వెళ్లారు, పోతమ్మ తప్ప. సాయంత్రం ఆమె తడిక దగ్గర బుట్టెడు ఉసిరికాయలు పెట్టి వచ్చాను. పొద్దున బుట్ట ఖాళీగా మా వాకిట్లో ఉంది.

నమోదు 68. వెలగ కాలం

పిల్లల చిగుళ్లు కుదురుకుంటున్నాయి.

వెలగకు మింగాక చూసేది ఏమీ లేదు, వాసనే ముఖ్యమంది. పగలగొట్టగానే బెల్లం పాకం వాసన రావాలి, తడి మట్టి వాసన వస్తే పారేయాలి. పై పెంకు గట్టిది కనుక పొడి లోపలికి పోవడం తక్కువ. ఇవాళ పగలగొట్టిన వాటిలో చాలావరకు మంచివే. ఆమె ఒక చిప్పను ముక్కు దగ్గర పెట్టుకుని ఊరికే పట్టుకుంది. ఆమెకు వాసన తెలియదు కదా అని గుర్తొచ్చి, నేను తర్వాతి కాయ పగలగొట్టాను.

నడక బాగా తగ్గింది. చెట్టు దాకా రాలేకపోతోంది. గుడిసెలో పడుకునే చెబుతానంది. రేగు గురించి మొదలుపెట్టింది. "రేగు అల్క పని. దాన్ని తర్వాత చెప్త. ముందుగల పరికి పండు చెప్పాలె, మొర్రి చెప్పాలె, తునికి సరిగ్గ చెప్పాలె" అంటుంది. నోట్లో పండు లేకుండా మాటలతో చెబితే నాకు పట్టుబడటం లేదు. "గొంతుల ఇట్ల అయితది" అని చేత్తో గొంతు నిమురుకుని చూపిస్తుంది. ఎట్లయితదని అడిగితే మాట కోసం వెతుక్కుంటుంది. పండు చేతిలో ఉంటే ఒక్క క్షణంలో తెలిసేది, ఇప్పుడు ఇద్దరం అలసిపోయినా తేలడం లేదు.

"ఎండకాలం రానీ" అంది ఆఖరికి. "అన్ని చూపిస్త."

నమోదు 71. పుష్యం

బయమ్మ పోయింది. దగ్గు ఆగక, ఊపిరి అందక పొద్దెక్కాక పోయింది. అంకన్న ఒళ్లో తల ఉంది. నేను నీళ్లు పోస్తే తాగలేదు.

వాగు అవతల పూడ్చాం. పోతమ్మ వచ్చింది. అందరూ వెళ్లాక నా పక్కన నిలబడి, మట్టి వైపు చూస్తూ మాట్లాడింది.

"ఆమె ముందే నాతోని నిజం చెప్పినా, నేను పిల్లకు తినిపిద్దునేమొ ఈదమ్మా. ఆకలికి ఒకటే ఏడుస్తుండె. ఆ మాట ఆమెకు చెప్దాం చెప్దామనుకుంట ఊకున్న."

నేను ఆమె చేయి పట్టుకున్నాను.

నమోదు 80. మొర్రి కాలం

మొర్రి పండ్లు నల్లబడ్డాయి. ఈ ఏడు విరగకాసింది. పెట్టె పోయినేడు లాగానే తేల్చలేకపోయింది.

నిన్న నేనొక్కదాన్నే వెళ్లి కొమ్మ మీది పండు కోసి తిన్నాను. మొదట తీపి. తర్వాత కొంచెం పులుపు. మింగాక గొంతు దగ్గర సన్నగా ఏదో అంటుకున్నట్టు అనిపించింది. అలా అంటుకోవడం మంచి గుర్తో చెడ్డ గుర్తో నాకు తెలియదు. ఉసిరికి నీళ్లు తాగి చూడాలని తెలుసు, వెలగకు వాసన చూడాలని తెలుసు. మొర్రికి కూడా ఏదో ఉంది. దేని కోసం చూడాలో తెలియకుండా రోజంతా నా ఒంటిని నేనే కాపలా కాసుకుంటూ కూర్చున్నాను. ఏమీ కాలేదు. నిరుడు తునికి తిన్న రోజూ నాకు ఏమీ కాలేదు.

పోయిన వేసవి ఈ చెట్టే, ఈ పండ్లే. ఆమె వాకిట్లో కోళ్లను తోలుతూ ఉంది. పిలిస్తే నాలుగడుగుల దూరం.

ఇవాళ అందరూ వచ్చారు. నేను బయటికెళ్లి నిలబడ్డాను.

"నాకు తెల్వదు" అన్నాను. "మంచిదో కాదో తెల్వదు. పిల్లలకు పెట్టకుండ్రి."

ఎవరూ గొడవ చేయలేదు. కొందరు చెట్టు వైపు చూశారు. ఒకాయన, "వచ్చే ఏడాదికి తెలుస్తదా?" అని అడిగాడు. దానికీ తెలియదనే చెప్పాను. బుట్టలు తిప్పి పట్టుకుని వెళ్లిపోయారు.

నిమ్మల మాత్రం మిగిలింది. వేళ్లు వంకరగా ఉన్న చేతిని వీపు వెనక దాచుకుని చెట్టునే చూస్తోంది. పైన పిట్టలు పండ్లు పొడుచుకుంటుంటే గింజలు టపటపా రాలుతున్నాయి.

"పెద్దమ్మా, నువ్వు తిన్నవంట కద. ఎట్లుంటది?"

"తియ్యగుంటది బిడ్డా" అన్నాను.

ఆ పిల్ల మొహం చూశాక, ఆ మాట అనకుండా ఉండాల్సిందనిపించింది.